చర్చి గోడ మీద నా తెలుగు

బెంగాల్లోని మా ఖరగ్‌పూర్‌లో పరువు పోగొట్టుకోడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. నాకు తెలుగు వచ్చునని నలుగురిలో ఒప్పుకుంటే చాలు. నా పరువు ఈమధ్యే చర్చి గోడెక్కింది. ఎలాగో వినండి.

ఝపటాపూర్ పేటలో మా వెనక వీధిలో పాత తెలుగు చర్చి ఉంది. మేం హిందువులమే గాని, పక్కింటి మార్తక్క ఆ చర్చికి పెద్దదిక్కు. గోడల పగుళ్ళలో రావిమొక్కలు మొలిచేసి, వానలకి సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలిపోతుంటే, కమిటీవాళ్ళు బయటి గోడలన్నీ బాగుచేయించినారు. మేస్త్రీలు పాత సున్నం గీకేసినారు. దాంతోపాటే గుమ్మం పైన ఎప్పటివో తెలుగు అక్షరాలూ గీకేసినారు. ఒక్కరూ ఆపలేదు.

మార్తక్క ఏడుపు మొహంతో వచ్చింది.

"అక్కడ 'దేవుడు సూసుసున్నాడు' అని ఉండేదమ్మా. మా పిల్లలెవరికీ తెలుగు సదవడం రాదు, నాకు ముందే రాదు. నువ్వు తెలుగు బడిలో సదివినావు కదా, కాగితం మీద రాసియ్యవా? పోనీ బైబిలు తెచ్చేదా, ఓసారి సరిసూసుకుంటావు?"

"నాకెందుకక్కా బైబిలు? ఐదో క్లాసు దాకా తెలుగులోనే చదివినాను" అన్నాను. ఆ తరవాతంతా హిందీ మీడియమని మాత్రం చెప్పలేదు.

చార్టు కాగితం మీద ఇంతింత అక్షరాలు రాసిచ్చినాను. పెయింటరు బెంగాలీ దాదా. వెదురు పరంజా ఎక్కి, ముగ్గు చూసి ముగ్గేసినట్టు ఒక్కొక్కటే దించినాడు. మధ్యలో ఆగి, "దీదీ, ఒకేలాంటివి మూడు వరసగా వస్తున్నాయి, ఠీక్ హై?" అనడిగినాడు.

"ఠీక్ హై దాదా, తెలుగు అలాగే ఉంటాది" అన్నాను. కింద నిలబడి కొమ్ములు కూడా సరిచేయించినాను.

ఆదివారాలు గడిచినాయి. అందరూ తలెత్తి చూసి "బాగుందమ్మా" అనేవారు. నేను ఆ వీధిలో కొంచెం నెమ్మదిగా నడవడం మొదలుపెట్టినాను.

ఇంతలో ప్రసంగం చెప్పడానికి పలాస నుంచి ఒక పాస్టరుగారు వచ్చినారు. మార్తక్క నన్నూ పిలిచింది. ఆయన గుమ్మం దగ్గర తలెత్తి, ఆగిపోయి, జేబురుమాలు తీసి మూతికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి.

"ఇది రాసిందెవరండీ?"

"ఈవిడేనండి. తెలుగు బడి" అంటూ మార్తక్క నన్ను ముందుకి తోసింది.

"మీరు పలికినట్టే రాసేసినారమ్మా" అన్నారాయన, మెల్లగానే. "సూసుసున్నాడు కాదు తల్లీ, చూచుచున్నాడు."

భూమి చీలితే బాగుణ్ణనుకున్నాను. చీలలేదు. ఇప్పుడిది చెప్తూ కూడా ప్రతి 'చ' దగ్గరా ఆగి చూసుకుంటున్నాను. అయినా నన్ను కాల్చింది నా తప్పొక్కటే కాదు. ఇన్ని ఆదివారాలు ఇంతమంది బాగుందన్నారే, ఒక్కరూ చదవలేదు.

కమిటీ సెక్రటరీ కుర్రాడి దగ్గరికెళ్ళి, "మళ్ళీ పరంజా కట్టించు బాబూ, దిద్దించేస్తాను" అన్నాను.

వాడు ఫోన్లోంచి తలెత్తలేదు. "ఎందుకాంటీ? తెలుగు ఎవరు సదువుతారు? ఇంగ్లీషులో ఫ్లెక్స్ కట్టేద్దాం."

కట్టేసినారు కూడా. నా అక్షరాలు దాని వెనకే ఉన్నాయి. మార్తక్క గుమ్మం దగ్గర తలెత్తడం మానేసింది.

ఫ్లెక్స్ కట్టిన రోజు మా ఆయనకి మొత్తం చెప్పుకున్నాను. రైల్వే వర్క్‌షాపులో రిటైరైన మనిషి, చదువంతా హిందీలోనే. నేను రాసిందీ, రాయాల్సిందీ కాగితం మీద పక్కపక్కనే పెట్టి చూపించినాను. కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసినారు.

"ఇందులో నీ తప్పేటుంది? రెండూ బాగానే ఉన్నాయి. ఆ పాస్టరుకే సదవడం రాదు."

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నా వైపు మాట్లాడింది ఆ ఒక్కసారే. అదీ, తెలుగు అక్షరం ముక్క రాక.