పైవాడిని రిలీజ్ చేశారు

గోదాముల యార్డులో అందరూ అతన్ని పైవాడు అనేవాళ్లు. ఇరవై రెండేళ్లుగా క్రేను క్యాబిన్‌లో కూర్చుని, కింద తిరిగేవాళ్లకు అందనంత ఎత్తులో ఇనుప పెట్టెలు దాటించే మనిషికి ఆ పేరు అతికినట్టు సరిపోయింది. సరుకు క్షేమంగా దిగితే, అంతా పైవాడి దయ అని నవ్వుకునేవాళ్లు.

ఒక సోమవారం మేస్త్రీ అతని చేతిలో ఓ కాగితం పెట్టి వెళ్లాడు. నాలుగు వరుసల ఇంగ్లీషు. కూడబలుక్కుంటూ చదివితే అతనికి అందినది ఒక్కటే మాట: రిలీజ్. క్యాబిన్‌లో ఎర్ర బటన్ మీద అదే రాసి ఉంటుంది. నొక్కితే కొక్కెం పట్టు వదిలేస్తుంది. అంటే తనను వదిలేశారన్నమాట. ఉద్యోగం పోయిందనుకున్నాడు.

ఇంటికొచ్చి చెబితే, సినిమా రిలీజైతే జనం సంబరపడతారు కదా, మంచి కబురే అయ్యుంటుందంది భార్య. జైల్లోంచి పంపించేవాళ్లకే ఆ మాట వాడతారని బావమరిది తేల్చేశాడు. తానేం నేరం చేశాడో పైవాడికి ఎంత ఆలోచించినా తట్టలేదు. కూతురు డిక్షనరీ తిరగేసి, విడిపించడం, వదిలేయడం, బయటపెట్టడం అని చదివింది. బయట అంటే గేటు బయటేనా అని అడిగితే ఆ పిల్ల మళ్లీ పేజీలు తిప్పింది.

మర్నాడు ఆఫీసులో గుమాస్తాగా ఉన్నావిడ ముందు నిలబడి, తన తప్పేమిటో చెప్పమన్నాడు. ఆవిడ కాగితం రెండుసార్లు చదివింది.

"తప్పేముంది అన్నయ్యా? ఆ మాట ఒక్కటే చూస్తే ఎలా? పక్కన ఫ్రమ్ అని ఉంది, యార్డు నుంచి. ఆ తర్వాత టు అని ఉంది, ట్రైనింగ్ స్కూలుకి. కొత్తవాళ్లకి క్రేను నేర్పడానికి మీరే కావాలన్నారు."

"అయితే నన్ను వదిలించుకున్నట్టా, విడిపించినట్టా?"

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "మేనేజరుగారు మిమ్మల్ని వదలనని నెల రోజులు మొండికేశారు. మొన్న వదిలారు. ఇంతకంటే నాకూ తెలీదు."

అతను ఔనని తలూపాడు గానీ, మెట్లు దిగుతూ కూడా సంతోషపడాలో వద్దో తేల్చుకోలేకపోయాడు.

ఆ తర్వాతి సోమవారం ట్రైనింగ్ స్కూల్లో ఎనిమిదిమంది శిష్యులు అతని కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్లను యార్డుకు తీసుకెళ్లి, హద్దుగా గీసిన పసుపు గీత ఇవతల నిలబెట్టి, తానూ తలెత్తి చూశాడు. వేలాడే పెట్టె కింది నుంచి చూస్తే అంత భయపెడుతుందని అతనికి ఇన్నాళ్లూ తెలియదు.

"ముందు దీన్ని బాగా చూడండి," అన్నాడు. "నేనూ ఇప్పుడే చూస్తున్నా."