నేను కలిపిన వరస

ఉక్కు ఫ్యాక్టరీ పక్కన ఖుర్సీపార్ బస్తీలో ఆ మెస్సుకి బోర్డు ఉండేది కాదు. రేకుల షెడ్డు, రెండు పొడుగు బల్లలు, గోడ నిండా మేకులు. పొద్దుటి షిఫ్టు దిగినవాళ్లు రెండున్నరకి వచ్చి, హెల్మెట్లు మేకులకి తగిలించి, మోచేతుల దాకా కడుక్కుని కూర్చునేవారు. వాళ్ల మధ్య బెంచీ చివర స్కూలు సంచీతో నేను.

అమ్మ పచ్చకామెర్లతో పోయి అప్పటికి రెండేళ్లు. నాన్నది ఫ్యాక్టరీలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పని. ఇంట్లో ఆయన వండితే అన్నం మెత్తన, నేను వండితే మాడుపు. అందుకని మధ్యాహ్నం భోజనం మెస్సులోనే. స్కూలు వదలగానే నేను ముందొచ్చి ఆయన కోసం చూస్తూ ఉండేదాన్ని.

మెస్సు నడిపే ఆవిడ బొబ్బిలి వైపు మనిషి. భర్త పోయాక వండి పెట్టడమే బతుకుతెరువు చేసుకుంది. అబ్బ, ఆ చెయ్యి! ఇక్కడి వాళ్లు లాల్ భాజీ అని అమ్మే ఎర్ర తోటకూరతో పులుసు పెడితే ఇంకో కూర అక్కర్లేదు. ఆవ పెట్టిన అరటికాయ, ముద్దపప్పు, నువ్వుల పచ్చడి. వడ్డనంతా తనే. ఇంకా కావాలా అని ఎవర్నీ అడిగేది కాదు, కంచంలో చెయ్యి ఆడే తీరు చూసి తెచ్చేది. నేను ఆవిణ్ణి "పిన్నీ" అనేదాన్ని. అక్కడి పిల్లలంతా అలాగే పిలిచేవారు.

ఆవిడ కూడా అందర్నీ వరస పెట్టే పిలిచేది. పెద్దవాళ్లు అన్నయ్యలు, కుర్రాళ్లు తమ్ముళ్లు, బీహారు వాళ్లు భయ్యాలు. మా నాన్న ఒక్కడికే ఏ వరసా లేదు. "ఇదిగో, పప్పు," అనేది, అంతే. ఇంకొకటి కూడా ఉంది. అందరికీ ఆఖర్న వచ్చే మజ్జిగ, అల్లం, కరివేపాకు వేసింది, మా నాన్నకి మాత్రం కూర్చోగానే గ్లాసుతో వచ్చేది. ఓవెన్ల సెగకి గొంతు ఎండిపోయి వస్తాడని. ఆయన గటగటా తాగేసి, తల వంచుకునే, "బాగుంది" అనేవాడు. అమ్మ పోయాక ఆయన నోట్లోంచి బాగుంది అన్న మాట నేను విన్నది అక్కడే.

ఇవన్నీ నా కంటపడ్డాయి గాని, అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పినవాడు రిటైరైన క్రేన్ ఆపరేటర్ ఒకడు, నోటి దురద మనిషి. ఓ రోజు నిండు పంక్తిలో, "ఏటే గుంటా, పిన్నీ పిన్నీ అని నువ్వే ముందు ఖాయం చేసీసినావేటి? ఇంక మీ నాన్న ఒప్పుకోడమే తరువాయి!" అన్నాడు. బల్లలు రెండూ గొల్లుమన్నాయి. నాన్నకి పొరపోయింది. ఆవిడ నవ్వలేదు, కోప్పడనూ లేదు. గిన్నెలోకి చూస్తూ ఉండిపోయింది. ఆ మొహం ఎర్రబడడం నేను చూశాను.

నాకు పన్నెండేళ్లు. హిందీ స్కూల్లో పెరిగిన దాన్ని, తెలుగులో నా పేరు రాయడం కూడా రాదు. వరసలు మాత్రం బాగా తెలుసు. పిన్ని అంటే అమ్మకి చెల్లెలు. అమ్మ లేని ఇంట్లోకి నాన్న తెచ్చుకునే ఆవిణ్ణీ పిన్ని అనే అంటారు. అత్త అంటే నాన్నకి తోడబుట్టింది. ఆ రాత్రి నాకు ఒళ్లు మండిపోయింది. మా అమ్మ పీట మీద ఇంకెవరో కూర్చుంటారా?

మర్నాడు అందరూ కూర్చునే దాకా ఆగాను. ఆగి, బల్లలు రెండిటికీ వినబడేలా అన్నాను: "అత్తా, మీ అన్నయ్యకి ఇంకొంచెం కూర వెయ్యత్తా!"

గరిటె ఆగిపోయింది. ఆవిడ నాకేసి చూడలేదు, నాన్నకేసి చూసింది. ఆయన ఒక్క మాట అంటే సరిపోయేది. "పిచ్చిపిల్ల, ఏదో వాగుతోంది" అని నవ్వేసినా సరిపోయేది. ఆయన కంచంలోకి చూస్తూ అన్నం కెలికాడు. ఆ కోపం నాకు ఆయన మీద ఇప్పటికీ పోలేదు. నా మీద అంతకంటే ఎక్కువ ఉందనుకోండి.

"అలాగేనమ్మా," అంది ఆవిడ. కూర వేసింది. వేసి, "చాలా అన్నయ్యా?" అని అడిగింది. ఎవర్నీ అడగని మనిషి అడిగింది.

ఆ మర్నాటి నుంచి మా నాన్నకీ మజ్జిగ ఆఖర్నే వచ్చింది. నేను గెలిచాననుకున్నాను, సిగ్గులేని దాన్ని.

అయిదేళ్లు అలాగే తిన్నాం. నేను పన్నెండో తరగతిలో ఉండగా ఆవిడకి ఒంట్లో బాగుండక, మెస్సు మూసేసి బొబ్బిలిలో అన్నగారి దగ్గరికి వెళ్లిపోతూ, చెప్పి వెళ్దామని సెక్టర్ 7లో మా క్వార్టరుకి వచ్చింది. మా గడప తొక్కడం అదే మొదలు. కూర్చోమంటే కూర్చోలేదు. మాగాయ సీసా నా చేతిలో పెట్టి, "బాగా చదువుకోమ్మా" అని తల నిమిరింది. పిన్నీ అందామని నోటి దాకా వచ్చింది. ఏ మొహం పెట్టుకుని అనను?

"వెళ్లొస్తానన్నయ్యా," అంది గుమ్మంలో.

మా వైపు ఏ మగవాడైనా ఆ మాటకి, "మంచిది చెల్లెమ్మా, వెళ్లిరా" అంటాడు. చెల్లెమ్మా అన్న మాట నాన్న నోట ఒక్కసారీ వినలేదని నాకు అప్పుడు తట్టింది. ఆ రోజూ అనలేదు. లోపలికి వెళ్లి గొడుగు తెచ్చి ఆవిడ చేతికిచ్చి, "ఎండ ఎక్కువగా ఉంది" అన్నాడు.

ఒక్కనాడూ ఒప్పుకోని వరసకి, నా నోటికి జడిసి, అయిదేళ్లు తల వంచుకుని అన్నం తిన్నాడు మా నాన్న.