ఖాళీగా వెళ్లిన మొదటి ప్యాకేజీ

ఇనుప గనులున్న మా కిరండూల్‌లో తొలి చినుకులకు మట్టి వాసన రాదు, ఇనుము వాసన వస్తుంది. కిటికీ ఊచల మీద పేరుకున్న ఎర్ర దుమ్ము తడవగానే, నోట్లో పాత తాళంచెవి పెట్టుకున్నట్టు ఉంటుంది. ఈ మధ్యాహ్నం ఆ వాసనకు ఎస్తేరు టీచర్ గుర్తొచ్చారు, వెంటనే కోపమూ వచ్చింది. కోపం ఆవిడ మీద కాదు, ఆవిడ గురించి మా స్కూలు వాళ్లు చెప్పుకునే కథ మీద. నలుగురు కలిస్తే చాలు, ఒకటే పాట: "ఎస్తేరు టీచర్ ఎంత శాంతమూర్తి! పక్కన కూర్చుని ధైర్యం చెప్పారు, సమ్మక్క ఒక్క దెబ్బకు తన ప్రోగ్రామును ప్రపంచం ముందు పెట్టేసింది." ఆ సమ్మక్కను నేనే కాబట్టి చెబుతున్నాను. ఆవిడ శాంతమూర్తి కాదు, నాకు ధైర్యమూ చెప్పలేదు, అది ఒక్క దెబ్బకు జరగనూ లేదు.

ఆవిడ లెక్కలు చెప్పేవారు, నేను కంప్యూటరు. ఆవిడది విజయనగరం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. భర్త ఈ లైనులోనే స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. నాది కోంటా దగ్గర గొల్లపల్లి. పొద్దంతా పిల్లలతో హిందీ, ఆయాలతో వాళ్ల ఇంటి భాష హల్బీ మాట్లాడి అలసిపోయి, స్టాఫ్ రూములో ఇద్దరం హాయిగా తెలుగులో పోట్లాడుకునేవాళ్లం. నా 'ఏంది'ని ఆవిడ వెక్కిరించేవారు, ఆవిడ 'ఏటి'ని నేను. నా నోటికి జడవని మనిషి ఆ స్కూల్లో ఆవిడ ఒక్కరే.

వాళ్ల చర్చి పాటలన్నీ ఏళ్ల తరబడి ఆవిడే టైపు చేశారు, ఏదో పాత ఫాంటులో. చర్చిలో కంప్యూటరు మార్చగానే అవన్నీ పిచ్చి గుర్తులైపోయాయి. "కళ్లు పోయేటట్టు కొట్టిన పాటలే అవి. ఇప్పుడు సూస్తే సీమలు పాకినట్టున్నాయి" అన్నారు. నేనొక చిన్న ప్రోగ్రాము రాశాను. పాత గుర్తు ఒక పక్క, దానికి సరైన తెలుగు అక్షరం ఇంకో పక్క ఉండే పట్టిక ఒకటి తయారుచేశాను. అందులో ప్రతి వరుసనూ ఆవిడే నా పక్కన కూర్చుని సరిచూశారు. ఆ పట్టికను చూసుకుంటూ ప్రోగ్రాము పేజీలన్నీ మార్చేస్తుంది. మొదటి పాట తెరమీద తేటతెలుగులో కనపడగానే ఆవిడ లేచి నిలబడి, స్టాఫ్ రూము అని కూడా చూడకుండా గొంతెత్తి పాడేశారు. హిందీ మాస్టరు దిద్దుతున్న కాపీలు వదిలేసి తాళం వేశాడు.

"మరి అందరికీ ఎప్పుడిస్తావే? జగదల్‌పూర్‌లోనూ ఇవే సీమలు, అరకులో మా సెల్లి దగ్గరా ఇవే సీమలు."

"అడిగినోళ్లకు పెన్ డ్రైవ్‌ల వేసిస్తా టీచర్."

"అడగనోళ్ల సంగతేటి? నువ్వొకర్తివి ఉన్నావని వాళ్లకెలా తెలుస్తాది?"

ప్రోగ్రాములను ప్యాకేజీగా కట్టి పెట్టే బహిరంగ రిపాజిటరీ ఇంటర్నెట్‌లో ఒకటుందనీ, అక్కడ పెడితే ఎవరైనా ఒక్క వరుస టైపు చేసి దించుకోవచ్చనీ నోరు జారింది నేనే. ప్యాకేజీ పక్కన నా పేరుంటుంది. అసలు చిక్కు అదే. నోటితో ఎవరినైనా ఎదిరిస్తాను గాని, ఈ మూలన కూర్చుని రాసిన కోడును పెద్ద ఊళ్ల ఇంజనీర్లు విప్పి చూసి నవ్వుతారనుకుంటేనే వెనక్కి తగ్గేదాన్ని. ఆ మాట చెబితే ఓదారుస్తారనుకున్నాను.

"నవ్వుతారు. నవ్వితే ఏటైపోతాది? నీ నోరేటి, అద్దెకిచ్చేసినావా?"

ఇదీ ఆవిడ చెప్పిన ధైర్యం.

ఒక ఆదివారం ఆరాధన ముగిశాక వాళ్లింట్లో కూర్చున్నాం. బయట వాన మొదలైంది. నేను కమాండ్ లైన్ తెరిచాను. నల్లటి తెర, నొక్కడానికి బొమ్మలేవీ ఉండవు, ప్రతి పనికీ మాట టైపు చేయాల్సిందే. ఆవిడ ఒక షరతు పెట్టారు. రైల్వేలో అవతలి స్టేషన్ వాళ్లు ఫోనులో చెప్పిన అంకెను ఇవతలి వాళ్లు తిరిగి చెప్పాకే బండి కదులుతుందట. "నువ్వు సదువు, నాను తిరిగి సెప్తాను. అప్పుడు నొక్కు" అన్నారు. ప్యాకేజీ పేరు చదివాను, తిరిగి చెప్పారు. వెర్షన్ సున్నా పాయింట్ ఒకటి అన్నాను, తిరిగి చెప్పారు. లోపలికి వెళ్లే ఫైళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివాను. చివరిది తిరిగి చెప్పాక కళ్లద్దాల మీదుగా నన్ను చూసి, "ఇంతేనా?" అన్నారు.

"ఇంతే టీచర్! ఇంకేంది?" అని కసిరాను.

"సరే మరి, లైన్ క్లియర్."

పాస్‌వర్డు లాంటి రహస్య టోకెన్ అతికించాను. తెరమీద చుక్క కూడా కనపడదు, దాని పద్ధతే అంత.

"ఏటే, ఏటీ పడనేదు!"

"పడింది టీచర్. కనపడదంతే."

"ఓహో, ప్రార్థన లాగన్నమాట."

నవ్వాపుకోలేక నవ్వుతూనే ఎంటర్ నొక్కాను. గీత నిండుతూ పోయి నూరు శాతం దగ్గర ఆగింది. ఆవిడ కేకకు స్టేషన్ మాస్టరుగారు పకోడీలు వేయిస్తున్న చిల్లుల గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చేశారు. "ఎల్లిపోనాదా?" "ఎల్లిపోనాది!"

వెంటనే అరకు చెల్లెలికి ఫోను చేసి, కమాండ్‌ను అక్షరం అక్షరం చెప్పి దించించాం. ప్యాకేజీ దిగింది, పని మాత్రం చేయలేదు. అక్షరాల పట్టిక కనపడటం లేదంటోంది! నా కంప్యూటరులో ఆ పట్టిక పక్క ఫోల్డరులోనే ఉంది కాబట్టి నాకన్నీ సవ్యంగా నడిచాయి. ప్యాకేజీలో దాన్ని చేర్చనే లేదు. తీసేసి, మంచిదాన్ని అదే నంబరుతో పెట్టేద్దామనుకున్నాను. ఆ రిపాజిటరీ ఒప్పుకోదు. ఒకసారి వాడిన నంబరును, ఫైలు తీసేసినా మళ్లీ వాడనివ్వదు. కొత్త నంబరు వేసుకోవాల్సిందే.

నాకు ఏడుపొకటే తక్కువ. ఆవిడ పకపకా నవ్వుతున్నారు. "మంచిదే కదే! నాను పిల్లలకి సెప్పేదీ అదే. తప్పు లెక్క కొట్టీండి, పేజీ సింపకండి."

"అందరూ నవ్వుతరు టీచర్."

"ఇప్పుడు నవ్వుతున్నది నానొక్కదాన్నే. బతికే ఉన్నావు కదా? రెండోది కట్టు."

కట్టాను. మళ్లీ చదివాను, మళ్లీ తిరిగి చెప్పారు. పట్టిక పేరుతో ముగించాక ఈసారి ఆవిడ "ఇంతేనా?" అనలేదు. కాసేపటికి ఫోనులోంచి చెల్లెలు తన తెరమీద విచ్చుకున్న పాటను చూసి పాడటం మొదలుపెట్టింది. ఇవతల నుంచి భార్యాభర్తలిద్దరూ అందుకున్నారు. చర్చి గడప తొక్కని నేను పళ్లెం మీద దరువేశాను.

ఆ తర్వాత చాలా ప్యాకేజీలు పెట్టాను. ముఖం ఎరగనివాళ్లు తప్పులు పడతారు, నేను నోరారా వాదిస్తాను, వాళ్ల మాట ఒప్పైతే దిద్దుతాను. ఇంట్లో ఎవరూ లేకపోయినా ఫైళ్ల పేర్లు పైకి చదవందే ఎంటర్ నొక్కను. ఆ సున్నా పాయింట్ ఒకటిని తీసేయలేదు, నా పేరుతోనే ఉంది. భయపడే ఆడపిల్లలు క్లాసులోకొస్తే ముందు దాన్నే దించి చూపిస్తాను.

ఆవిడ ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నారు. పరీక్ష పేపర్లలో ఎక్కడ ఒక్క మైనస్ గుర్తు పోయినా పట్టే మనిషి, ఆ పట్టికను వరుస వరుసా నాతో కలిసి దిద్దిన మనిషి. ఫోనులో ఎప్పుడడిగినా, "అన్నం తిన్నావా ముందు?" అని మాట తప్పిస్తారు. అందుకే ఇక్కడ, నలుగురి ముందు అడుగుతున్నాను. టీచర్, ఆ రోజు "ఇంతేనా?" అన్నప్పుడు పట్టిక పేరు లేదని మీకు తెలుసా, తెలియదా?