కునుకు తీసిన దేవదూత

అంకుల్ పోయారని మొన్న సోమవారం ఆంటీ ఫోన్ చేసి చెప్పింది. షెఫీల్డ్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాను. "నిద్దట్లోనే పోయారమ్మా, ఇబ్బంది పడలేదు," అంది. బస్సు వచ్చింది, వెళ్ళింది. నాకు ఎక్కే ఓపిక లేకపోయింది.

ఆయన నాకు చుట్టం కాదు. ఇక్కడ ఇంగ్లండ్‌లో మాస్టర్స్ చదివేటప్పుడు శని, ఆదివారాలు ఒక మ్యూజియంలో పనిచేశాను. ఆయన అక్కడ ఏళ్ళ తరబడి కాపలా కాస్తున్న తెలుగు మనిషి. బొమ్మలను ఎవరూ ముట్టుకోకుండా రోజంతా గదిలో నిలబడటమే మా పని. "నిలబడటం కూడా పనేనంటే ఎవరూ ఒప్పుకోరమ్మా," అనేవారు. తన కాళ్ళకే వంతులవారీ రోటా వేసుకున్నారు. గంటకోసారి బరువు మార్చి, "కుడికాలు డ్యూటీ దిగింది," అని నాకు రిపోర్టు ఇచ్చేవారు.

మా గదిలో ఒక పాత బొమ్మ ఉండేది. వందల ఏళ్ళ క్రితం ఎవరో రాగిరేకు మీద చెక్కి, కాగితం మీద అచ్చు తీసినది. బైబిల్లో లోకం అంతమయ్యే ముందరి ఘట్టం. భూమిని ఊడ్చెయ్యబోతున్న నాలుగు గాలులను, నాలుగు మూలలా నలుగురు దేవదూతలు నిలబడి ఆపుతుంటారు.

చేరిన రెండో వారమే నాకు ప్రాణం విసిగిపోయింది. చదువు, వంట, ఈ నిలబడటం. ఇండియా వెళ్ళిపోదామని గోడకు ఆనుకుని ఏడుస్తుంటే, అంకుల్ నన్ను ఆ బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు.

"ఆ కింద మూలనున్నాయన్ని చూడు. నిలబడే కునుకు తీస్తన్నాడు. గాలిని మాత్రం వదల్లా. నువ్వూ అట్టాగే కాసేపు కళ్ళు మూసుకో, నే చూస్తుంటాలే."

ఆయన చెప్పాక నాకూ అలాగే కనిపించింది. కళ్ళు మూసుకున్నాను. నేను చదువు పూర్తి చేశానంటే ఆ మాట వల్లే.

ఆయన రిటైరయిన రోజున, చూడటానికొచ్చిన ఒక టీచరమ్మ, ఆ దేవదూత కళ్ళు తెరిచే ఉన్నాయని వాదించింది. అంకుల్ కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశారు గానీ చూపు ఆనలేదు. మరుసటి వారమే బొమ్మను తీసి చీకటి పెట్టెలో పెట్టేశారు. పాత కాగితం వెలుతురుకు ఎక్కువకాలం ఓర్చుకోలేదట. అప్పటినుంచీ నేను వాళ్ళింటికి ఎప్పుడు వెళ్ళినా అదే దిగులు. "అంతమందికి చెప్పానే! ఆయన మేలుకునుంటే నేను నింద వేసినట్టు కాదూ?"

ముందుగా అడిగితే మ్యూజియం వాళ్ళు ఎవరికైనా తీసి చూపిస్తారు. అన్నేళ్ళు దానికి కాపలా కాసిన మనిషికేమో అడగటానికి మొహమాటం. చివరికి నేనే ఈమెయిల్ పెట్టాను. పోయిన వేసవిలో ఇద్దరం వెళ్ళాం.

బొమ్మను బల్ల మీద పరిచి, అంకుల్ చేతికి భూతద్దం ఇచ్చారు. ఆయన చాలాసేపు వంగి చూశారు.

"తెరిచే ఉన్నయ్యమ్మా," అన్నారు. "ఇన్నాళ్ళూ ఆయన మీద చాడీలు చెప్పా."

"ఆ చాడీయే నన్ను నిలబెట్టింది, అంకుల్."

వినిపించుకోలేదు. లేచి, బొమ్మ ముందు నిలబడి, కళ్ళు మూసుకుని మెల్లగా లెంపలు వేసుకోసాగారు. బొమ్మ తెచ్చినావిడ కంగారుపడి, ఆయనకు ఒంట్లో బాగానే ఉందా అని నన్ను అడిగింది. సారీ చెబుతున్నారన్నాను.

ఆవిడ నవ్వలేదు. అంకుల్ చేతులు దించేదాకా, తెరిచిన పెట్టె మూత పట్టుకుని అలాగే నిలబడింది.