కొట్టేసిన నాలుగు వరుసలు

పైడిరాజు ఎవరి మాటా వినడని, హిందీ రాష్ట్రంలో స్థిరపడ్డ రైల్వే తెలుగువాళ్ళలో పేరు. లోకో షెడ్డులో ఫిట్టరుగా ముప్పై ఆరేళ్ళు చేసి, రిటైరయ్యాక ఉస్లాపూర్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. అయితే జనం ఆయన్ని గుర్తుపెట్టుకున్నది పానాలు తిప్పినందుకు కాదు, వినాయక చవితి పందిట్లో తెర పక్కన నిలబడి నటులకి మాటలు అందించినందుకు. ఎంతటి మొనగాడైనా స్టేజీ మీద నోరెండి నిలబడితే పైడిరాజే దిక్కు. ఒక్క నాటకాన్ని మాత్రం ట్రంకుపెట్టె అడుగున పడేశాడు. దాన్ని మళ్ళీ ఆడదామన్నవాళ్ళ మీద మూడుసార్లు కయ్యిమని లేచాడు.

అది చంద్రమౌళి రాసింది. ఇద్దరిదీ ఒకే షెడ్డు, ఒకే షిఫ్టు, అన్నం కూడా ఒకే క్యారేజీలోంచి. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట రాసి, వేషమూ తనే కట్టాడు. పడవ నడిపేవాడి కథ. చివర్లో వాడు ఏట్లో మునిగిపోతాడు. నాటకం ఆడిన పదకొండో రోజున చంద్రమౌళి ఊరి పక్క అర్పా నదిలో శవమై తేలాడు. వరద కదా, కాలు జారిందన్నారు. పైడిరాజూ అదే అన్నాడు, అందరికంటే గట్టిగా అన్నాడు.

ఇన్నాళ్ళకి పక్కింటి తనూజ వచ్చి పడింది. ఎమ్మే చదువుతోంది. మాతృభాషలో ఒక విషాద నాటకం తీసుకుని, మొదటి రంగంలోనే ముగింపు ఎలా పొంచి ఉందో రాయాలట. తీరా చూస్తే పిల్లకి మాటలే గానీ తెలుగు అక్షరం ముక్క రాదు. తాతయ్య చదివితే రికార్డు చేసుకుంటానని ఫోను బల్ల మీద పెట్టింది. కసిరి పంపేద్దామనే అనుకున్నాడు. కానీ తను పోయేలోగా దాని గురించి ఎవరో ఒకరు అడిగితే బాగుండునని ఆయనకీ ఎక్కడో ఉన్నట్టుంది, పెట్టెలోంచి రాతపుస్తకం తీశాడు.

'ఏరు నిద్దరోతంది, లేపకండి' అన్న మొదటి మాటకే తనూజ కళ్ళు మెరిశాయి. ఆ నిద్ర మామూలు నిద్ర కాదంది. పడవవాడు 'ఈ తాడు నన్ను మోసీ మోసీ అలిసిపోయింది' అంటే, అలిసింది తాడు కాదు, మనిషే అంది. తర్వాత వాడు తన గొడుగు స్నేహితుడికిచ్చి, 'నాకింక తడిసే పని లేదులే' అంటాడు. వానాకాలంలో ఎవరైనా గొడుగు ఇచ్చేస్తారా అని అడిగింది. నాటకమైన మర్నాడే చంద్రమౌళి తన గొడుగు పైడిరాజు చేతిలో పెట్టి వెళ్ళాడు.

"అంతా ముందే చెప్పేశాడు కదా తాతయ్యా. విన్నవాళ్ళకి తెలీలేదా?"

పైడిరాజుకి ఒళ్ళు మండింది. అన్నీ అయిపోయాక అర్థాలు చెప్పడం ఎవరికి రాదని విసుక్కున్నాడు. తనూజ చిన్నబుచ్చుకోలేదు. పేజీ మీద వేలు పెట్టి, పెన్సిలు గీతల కిందున్న నాలుగు వరుసలూ ఎందుకు వదిలేశారంది.

అవి తనే కొట్టేశాడు. రాత్రి పది గంటల డ్యూటీకి వెళ్ళేవాళ్ళు మధ్యలో లేచిపోకుండా ఏ నాటకాన్నైనా కుదించడం ఆయన పని. ఆ నాలుగూ ఉంచరా అని చంద్రమౌళి ఒక్కసారి అడిగాడు. నీ కవిత్వం ఎవడికి కావాలెహె, అన్నాడు తను. ఆట రోజున సరిగ్గా ఆ చోటే చంద్రమౌళి ఆగిపోయి, తెర పక్కకి తిరిగి తనకేసే చూస్తూ నిలబడ్డాడు. మాట మర్చిపోయాడనుకుని తను తర్వాతి వరుస అందించాడు. చంద్రమౌళి అదే చెప్పి వెళ్ళిపోయాడు. ఆ చూపు ఇప్పటికీ అన్నం ముందు కూర్చున్నా వదలదు.

"వాడు మరిచిపోనేదమ్మా," అన్నాడు పైడిరాజు. "నాకోసం ఆగినాడు."

కళ్ళజోడు తుడుచుకుని, గీతల కింది అక్షరాలు మొదటిసారి పైకి చదివాడు.

'రేపు నా గొంతు వినపడకపోతే
నువ్వు పిలువు, రెండుసార్లు పిలువు.
మొదటిసారి ఏరు పలుకుతుంది,
రెండోసారి నేను పలుకుతాను.'

దాని కింద స్నేహితుడి జవాబు ఒక్క మాట ఉంది. పైడిరాజు దాని దగ్గర ఆగిపోయాడు. తాతయ్య తడబడ్డాడని తనూజకి తెలుస్తూనే ఉంది. పుస్తకం మీదికి వంగింది. అందిద్దామంటే ఆ పిల్లకి చదవడం రాదాయె. ఫోను రికార్డు చేస్తూనే ఉంది.

పైడిరాజు పుస్తకం మూసేసి, గుమ్మం వైపు చూస్తూ ఆ ఒక్క మాటా అన్నాడు.

"పిలుత్తాన్రా."