గీతలు చూడడానికి చేసిన కత్తి

బావ పోయిన కబురు ఆదిలాబాద్‌లో నేను పనిచేసే జిన్నింగు మిల్లుకు ఫోనులో వచ్చింది. పత్తి సీజను. మిషన్ల మోతలో అక్క కొడుకు చెప్పేది సగం వినపడలేదు. "మామా, బాపు పోయిండు" అన్న ముక్క మాత్రం వినపడింది. ఆయాసం ఆయన్ని చాలాకాలంగా తింటూనే ఉంది. కానీ నా దృష్టిలో ఆయన అంతకు ఎన్నో ఏళ్ల ముందే పోయాడు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కరీంనగర్ జిల్లాలో గోదావరి ఒడ్డు పల్లె ఆయనది. భూమి, పేరు ఉన్న ఇల్లు. అలాంటి ఇంటి మనిషి పెరట్లో కొలిమి పెట్టుకున్నాడు. ఒకసారి హైదరాబాద్‌లో ఎవరింట్లోనో అరబ్బు దేశపు పాత దమస్కు కత్తి చూశాడట. దాని మీద నీటి అలల్లాంటి గీతలు. "గసొంటి కత్తులకు ఉక్కు మన దిక్కుకెళ్లే పోయేదట బామ్మర్దీ. మనకే యాది లేదు" అన్నాడు నాతో. ఇక వేరే ధ్యాస లేదు.

ఆయన తండ్రి ముఖం మీదే అడిగాడు: "కమ్మరి పని చేసే కర్మ మనకేం వట్టిందిరా?" బావ వెళ్లి ఊరి కమ్మరి దగ్గరే సమ్మెట పట్టడం నేర్చుకున్నాడు. పొద్దున పొలం, మధ్యాహ్నం కొలిమి.

చెప్పుకోవడానికి తేలికైన పనే. గట్టి ఉక్కు, మెత్తని ఇనుము పొరలుగా పేర్చి, అతుకు పట్టేందుకు వెలిగారం పొడి చల్లి, తెల్లగా కాగాక కొడితే అవి ఒకటిగా అతకాలి. మడిచి మళ్లీ కాల్చాలి, మళ్లీ కొట్టాలి. కత్తి తయారయ్యాక తేజాబులో, అంటే యాసిడ్‌లో, ముంచితే పొరలు గీతలై బయటపడతాయి. గట్టి ఉక్కుకు మిల్లులో అరిగిపోయిన ఆకురాళ్లు నేను తెచ్చిచ్చేవాణ్ణి. మెత్తని ఇనుముకు ఎడ్లబండి చక్రాల పాత పట్టాలు ఆయనే సంపాదించేవాడు. ఏళ్లు గడిచినా అతుకు మాత్రం నిలవలేదు.

విడిపోయిన ముక్కను పటకారుతో పట్టుకుని అటూ ఇటూ తిప్పేవాడు. "ఏడి తక్కువైతె అంటది కాదు, ఎక్కువైతె కాలిపోతది. నడుమ జరంత జాగ ఉన్నది. గదే దొరుకుతలేదు." ఆ గొంతులో విసుగు ఎప్పుడూ వినలేదు. అన్నానికి పిలిచి పిలిచి అక్కే విసిగిపోయేది: "ఇనుము మీద పెట్టిన పానం ఇంటోళ్ల మీద పెడ్తె బాగుండు." ఆయన నవ్వి చేతులు కడుక్కునేవాడు. గోళ్లలో మసి పోయేది కాదు. పెళ్లిళ్లకు కూడా ఆ చేతులతోనే వచ్చేవాడు.

ఒక ఎండాకాలం, నేను వాళ్లింట్లో ఉండగానే అతికింది. జానెడు కత్తి. తేజాబులోంచి తీసి నీళ్లతో కడిగితే, బూడిదరంగు మీద సన్నని తెల్లని గీతలు వంపులు తిరిగి ఉన్నాయి. అక్కను కేకేశాడు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి చాలాసేపు చూసింది.

"గోదారి వరద తీసినంక ఇసుక మీద ఉంటది సూడు, గట్లున్నది" అంది.

బావ కళ్లు తుడుచుకున్నాడు.

అవి మా వైపు అడవిలో నక్సలైటు అన్నలకూ రోడ్డు మీద పోలీసులకూ భయపడుతూ బతికిన రోజులు. ఆయన కత్తులు చేస్తున్నాడని ఎవరు చెప్పారో తెలియదు. ఒక మధ్యాహ్నం జీపు వచ్చి వాకిట్లో ఆగింది.

"ఎవలకు చేస్తున్నవ్?" అని అడిగాడు పోలీసు అధికారి.

"ఎవలకు లేదు సార్. నాకే."

"నీకు కత్తెందుకు?"

"కొయ్యనీకి కాదు సార్. గీతలు సూడనీకి."

వాళ్లు నవ్వారు. నిజమే చెప్పాడు, కానీ అది నమ్మేంత నమ్మకం ఆ రోజుల్లో ఎవరి దగ్గరా మిగల్లేదు. కత్తినీ ఆయన్నీ తీసుకుపోయారు. కొన్ని రోజులకు ఆయన తిరిగొచ్చాడు. కత్తి రాలేదు. కుడి మణికట్టు వాచి వంకరపోయి ఉంది. ఇదేం న్యాయమని ఠాణాకు అడగడానికి పోదామంటే అక్క నా చెయ్యి పట్టుకుంది: "వద్దు తమ్మీ. మనిషన్న మిగిలిండు."

ఎముక అతుక్కుంది కానీ పట్టు రాలేదు. మళ్లీ మొదలుపెట్టమని నేనొకసారి ఆకురాళ్లు తీసుకుపోయాను. సంచి విప్పి కూడా చూడలేదు. "సమ్మెట లేపితె అది ఏడ పడ్తదో నాకే తెలుస్తలేదు. తీస్కపో బామ్మర్దీ." కొలిమి సామానంతా ఊరి కమ్మరికి ఇచ్చేశాడు. తర్వాత ఆయన పొలానికి పోయాడు, పంచాయితీలకు పోయాడు, మనుమలను ఎత్తుకున్నాడు. గీతల మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

లాభం లేని పనిని అంత ప్రేమగా చేసిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. చూసినందుకు ఆయనకు రుణపడ్డాను. 

కర్మకాండలు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక, అక్క వంటింట్లో టమాటాలు కోస్తోంది. అంగడిలో కొన్న ప్లాస్టిక్ పిడి కత్తి. తోలు తెగడం లేదు.

"ఇటియ్యక్కా, పదును వెట్టించుకొస్త."

"ఎందుకు తమ్మీ. ఇగ ఎవలకు వండాలె" అంది, తలెత్తకుండా.

మొద్దుకత్తితో అట్లాగే ఒత్తుతూ ఉంది. టమాటా తెగక చితికిపోయి, రసం ఆమె మణికట్టు మీదుగా మోచేతి దాకా కారుతోంది.