పిల్లలబండి బొమ్మ వేసిన నాలుగో గడి

బొనకెలే చెడ్డవాడు కాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆఖర్న చెబుదామంటే మీరు వింటారన్న నమ్మకం నాకు లేదు.

ఇరవై రెండేళ్ళు బట్టల మిల్లులో పనిచేశాడు. మిల్లు మూతపడ్డాక, ఏడేళ్ళుగా, కేప్‌టౌన్ ఉన్న మా దేశంలోనే ఈస్ట్ లండన్ అనే ఊళ్ళో ఒక సూపర్‌మార్కెట్ ముందు పసుపుపచ్చ కోటు తొడుక్కుని కార్లకు కాపలా కాస్తున్నాడు. చెయ్యి ఊపి బండిని పార్కింగ్ గడిలోకి రప్పించడం, సరుకులు కొనుక్కుని తిరిగొచ్చేదాకా దానిమీద కన్నేసి ఉంచడం, ట్రాలీ తోసిపెట్టడం, ఇచ్చిన చిల్లర పుచ్చుకోవడం. అంతే పని. దానికి జీతమంటూ లేదు. యాభై నాలుగేళ్ళ మనిషిని మీసాలు మొలవని కుర్రకుంకలు కూడా "ఏయ్ బాస్!" అని పిలిచేవారు.

మా వాళ్ళలో ఒక మగాడికి మర్యాద ఇవ్వాలంటే వంశం పేరు పెట్టి పిలవాలి. బొనకెలేది భేలే వంశం. మిల్లులో ఉన్న రోజుల్లో పై అధికారి కూడా "భేలే, ఎలా ఉన్నావు?" అనేవాడు. వంశం ఒకటైతే చాలు, ముఖం ఎరగకపోయినా అన్నదమ్ములే. ఆడపిల్ల ఏ ఇంటికి కోడలై వెళ్ళినా పుట్టింటి వంశం పేరు ఆమెను వదలదు. బొనకెలే భార్యని మాద్లోమో అంటారు, ఆమె ద్లోమోల ఆడపడుచు కనుక. పెళ్ళయి ముప్పై ఏళ్ళయినా ఆమె అసలు పేరు వీధిలో సగంమందికి తెలియదు.

సూపర్‌మార్కెట్ గుమ్మానికి ఎదురుగా నాలుగు గడులున్నాయి. మిగతావాటికన్నా వెడల్పు. నేలమీద పిల్లల తోపుడుబండి బొమ్మ వేసి ఉంటుంది. చంటిపిల్లలతో వచ్చేవాళ్ళకి మాత్రమే అవి. వాటి కాపలా మేనేజరు బొనకెలేకి అప్పగించాడు. నాలుగు నారింజరంగు కోన్లు కూడా ఇచ్చాడు. అది మొదలు బొనకెలేకి రోజూ యుద్ధమే.

"బిడ్డేదమ్మా?" అని అడిగేవాడు, వ్యాయామం బట్టల్లో దిగిన అమ్మాయిని.

"దారిలో ఉంది."

"దారిలో అంటే కడుపులోనా, ట్రాఫిక్‌లోనా?"

ఒకడు ఒళ్ళో కుక్కపిల్లను ఎత్తి చూపించి "ఇదే నా బిడ్డ" అన్నాడు. "అయితే దాని టీకాల కార్డు చూపించు" అన్నాడు బొనకెలే. ఇంకొకాయన వెనక సీట్లో పిల్లల కుర్చీ పెట్టుకుని తిరిగేవాడు. ఆయన కొడుక్కి గడ్డం వచ్చి రెండేళ్ళయింది. అందరినీ తరిమాడు. తిట్లు తిన్నాడు, శాపనార్థాలు తిన్నాడు, ఒకావిడ విసిరిన ఉల్లిపాయ కూడా తిన్నాడు. చంటిపిల్లల తల్లులు మాత్రం "దేవుడు చల్లగా చూడాలి బాబాయ్" అని వెళ్ళేవారు.

మరి ఇంత నిఖార్సైన మనిషి ఎక్కడ జారాడు? పొగడ్త దగ్గర జారాడు. డబ్బు దగ్గర జారినా ఇంత సిగ్గుపడేవాడు కాదేమో.

ఒకరోజు తెల్లటి పెద్ద పికప్ బండి వచ్చి తిన్నగా నాలుగో గడిలో ఆగింది. దిగినవాడు శవాల పెట్టెలు అమ్మి, అంత్యక్రియలు జరిపించే వ్యాపారి. బొజ్జ, టోపీ, చేతికి బంగారు గడియారం. బొనకెలే చెయ్యి అడ్డం పెట్టాడు.

"పిల్లలున్నారా అయ్యా?"

"నాకా? నా మనవడే డ్రైవింగ్ నేర్చుకుంటున్నాడు!" అని నవ్వి, ఆయన ఇతని ముఖంలోకి చూశాడు. "ఉండు ఉండు. ఆ నుదురు, ఆ చెవులు... నువ్వు ఎవరి వంశం?"

"భేలే."

అంతే! ఆయన టోపీ తీసి, అందరూ వింటుండగా గొంతెత్తాడు. "భేలే! ఖుబోనీ! దుంజానే! మావాడివిరా నువ్వు! నేనూ భేలేనే! అన్నని పట్టుకుని ఆ చివరికి పొమ్మంటావా తమ్ముడూ?"

ఖుబోనీ, దుంజానే అనేవి భేలే వంశం బిరుదులు. అవి నలుగురిలో ఎవరైనా పలికి ఏడేళ్ళయింది. బొనకెలేకి గుండె నిండిపోయింది. చెయ్యి దానంతటదే దిగిపోయింది. ఆ తర్వాత ప్రతి శనివారం ఆయన ముందే ఫోన్ చేసేవాడు, ఇతను నాలుగో గడిలో కోన్ పెట్టి ఉంచేవాడు. ఆయన దిగుతూ బిరుదులు పలికేవాడు, ఇతను ఆ వారమంతా వాటితో బతికేవాడు. పాపం అనాలో, వెధవ అనాలో నాకిప్పటికీ తెలియదు.

అది నెలాఖరు శనివారం. జీతాలు పడ్డ రోజు, ఇసక వేస్తే రాలనంత జనం. మూడు గడులు పిల్లలవాళ్ళతో నిండాయి. నాలుగోదాంట్లో కోన్ ఉంది. పాత ఎర్ర కారు ఒకటి వచ్చి దానిముందు ఆగింది. లోపల ఒక పడుచు తల్లి, వెనక గుక్కపట్టి ఏడుస్తున్న పసిది, పక్కన మూడేళ్ళ పిల్లాడు.

"బాబాయ్, ఆ కోన్ కాస్త తీస్తావా?"

బొనకెలే గడియారం చూశాడు. శవపేటికల అన్న వచ్చే వేళ అయింది. "అక్కడ ఆయిల్ కారిందమ్మా. పిల్లలతో జారిపడతావు. ఆ చివర ఖాళీ ఉంది, వెళ్ళు" అన్నాడు. చుక్క ఆయిల్ లేదక్కడ. నేల అద్దంలా ఉంది.

ఆ పిల్ల ఏమందో తెలుసా? "మంచిమాట చెప్పావు బాబాయ్. థాంక్యూ" అంది.

పావుగంట గడిచింది. ఇతను కోన్ తీశాడు, తెల్లబండి గడిలో దిగింది, బిరుదులు మోగాయి. అవి ఇంకా చెవిలో ఉండగానే ఆ చివరనుంచి కేక వినిపించింది.

ఆమె పసిదానికి కార్లోనే పాలు పట్టి, దిగి వీపుకి కట్టుకుంటోంది. మీకు తెలుసుగా, వీపున బిడ్డని కట్టుకోవాలంటే నడుం వంచాలి, తువ్వాలు చుట్టాలి, రెండు చేతులూ కావాలి. ఆ ఒక్క క్షణం పిల్లాడు ఆమె గౌను వదిలాడు. సరుకుల వ్యాన్ ఒకటి వెనక్కి వస్తోంది. పిల్లాడి ప్రాణం దక్కింది. కుడికాలు మడమ దగ్గర రెండుచోట్ల విరిగింది.

జనం మూగారు. "ఈకాలం తల్లులు అంతే, ఫోన్ చూసుకుంటూ ఉండుంటుంది" అంది ఒకావిడ. "చెయ్యి పట్టుకోవడం కూడా రాదా?" అన్నాడొకడు. మేనేజరు పరుగున వచ్చి అడిగాడు, "బొనకెలే, పిల్లలవాళ్ళ గడులు ఖాళీ లేవా?"

"లేవు సార్. నిండిపోయాయి."

ఒక అబద్ధాన్ని కప్పడానికి రెండోది. మేనేజరు పుస్తకంలో అదే రాసుకున్నాడు.

ఆ రాత్రినుంచి బొనకెలేకి ముద్ద దిగలేదు. ఎంతో ఇష్టమైన మొక్కజొన్న నూకలూ చిక్కుడుగింజలూ మాద్లోమో వండిపెడితే అటూ ఇటూ కెలికి వదిలేశాడు. ఎవరైనా "అయ్యో ఆ పిల్లాడు" అంటే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు.

మూడు వారాలకి మాద్లోమో చర్చి మహిళల సమావేశంనుంచి కబురు మోసుకొచ్చింది.

"ఆ పిల్ల పేరు లిండెల్వా అట. రదేబేల కోడలు. వాళ్ళ అత్త మా సమావేశానికే వస్తుంది. బిడ్డని చూసుకోవడం చేతకాని కోడలు మాకొద్దంటున్నారు. వచ్చే ఆదివారం పెద్దలు కూర్చుంటారట. పిల్లలిద్దర్నీ ఉంచేసుకుని ఆమెను పంపేస్తారట."

"ఎక్కడికి?"

"అదే కదా! తల్లీ తండ్రీ పోయారు, ఉన్న ఒక్క అన్నా పోయాడు. పుట్టింటి తరఫున వచ్చి మాట్లాడే మగదిక్కు లేదు. మొగుడా కేప్‌టౌన్‌లో ఉన్నాడు, 'నాన్న ఏమంటే అదే' అన్నాడట ఫోన్‌లో. దద్దమ్మ!"

బొనకెలే అప్పుడు భార్యకి మొత్తం చెప్పేశాడు. "నాకు చెబితే ఏం లాభం?" అంది మాద్లోమో. "చెప్పాల్సినవాళ్ళకి చెప్పు."

బుధవారం పెద్దాసుపత్రికి వెళ్ళాడు. ఎముకల డాక్టరు గది ముందు బల్లమీద లిండెల్వా కూర్చుని ఉంది, ఒళ్ళో సిమెంటు కట్టుతో పిల్లాడు. ఆమె తలెత్తి చూసింది కానీ గుర్తుపట్టలేదు. పసుపు కోటు లేకపోతే ఇతని ముఖం ఎవరికి గుర్తు? ఊరికే వచ్చి ఎదుట నిలబడ్డ పెద్దమనిషిని అడగవలసిన తీరుగానే అడిగింది.

"ఎవరి వంశం బాబాయ్ మీది?"

"భేలే తల్లీ. నేను నీతో ఒక మాట..."

ఆమె పిల్లాణ్ణి ఎత్తుకుని గభాలున లేచి నిలబడింది. కళ్ళనిండా నీళ్ళు. "నేను మామ్‌భేలేని! మా నాన్న భేలే! నువ్వు నాకు నాన్నవి అవుతావు! దేవుడే పంపాడు నిన్ను. ఆదివారం అత్తవారింట్లో నన్ను నిలబెడుతున్నారు. నా వెనక ఒక్క మనిషి లేడు. వస్తావా బాబాయ్? మాట్లాడకపోయినా ఫర్వాలేదు, ఊరికే వచ్చి కూర్చో చాలు. భేలేలు ఉన్నారని వాళ్ళకి తెలియాలి."

"వస్తాను" అన్నాడు. పిరికివాడు, అంతకుమించి అనలేకపోయాడు.

అలాంటి పంచాయితీకి ఒంటరిగా వెళ్ళకూడదు. కనీసం ఇద్దరు మగాళ్ళుండాలి. శనివారం తెల్లబండి రాగానే బొనకెలే ఎదురెళ్ళాడు.

"ఖుబోనీ, ఆ పిల్ల మన ఆడపడుచు. రేపు నాతో రా. జరిగింది చెప్పేద్దాం."

"జరిగిందేమిటి? కోన్ పెట్టమని నేను చెప్పానా? వస్తున్నానన్నాను. నువ్వు పెట్టావు, నేను ఆపుకున్నాను." ఆయన టోపీ సర్దుకున్నాడు. "నా బండి ఊసెత్తావంటే బాగుండదు తమ్ముడూ. వ్యాపారంలో ఉన్నవాణ్ణి."

ఆయన అన్నదాంట్లో తప్పులేదు. కోన్ పెట్టింది ఇతనే. అందుకే మరీ మండింది. "బండి తీయి" అన్నాడు.

"ఏమిటీ?"

"ఒళ్ళో బిడ్డ ఉంటే చూపించు. లేకపోతే తీయి!"

ఆదివారం బొనకెలే, మాద్లోమో ఇస్త్రీ చేసిన కోటు వేసుకుని, చేతికర్ర పట్టుకుని, ఊరి పక్కనున్న మ్దాంత్సానేలో రదేబేల ఇంటి గేటు ముందు నిలబడ్డాడు. తోడు ఎవరూ లేరు. "రదేబే! భుంగానే!" అని ఇంటివాళ్ళ బిరుదులు పిలిచాడు. లోపలినుంచి ఒక ముసలి గొంతు, "ఎవరది?" అంది.

"భేలేలం. మా బిడ్డకోసం వచ్చాం."

లోపల అయిదుగురు మగాళ్ళు కుర్చీల్లో ఉన్నారు. లిండెల్వా తలగుడ్డ కట్టుకుని చాపమీద కూర్చుంది. ఇతన్ని చూడగానే ఆమె వీపు నిటారైంది. అది చూసి బొనకెలేకి పారిపోవాలనిపించింది.

మామగారు రదేబే పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "భేలే, నీ కూతురు మా వంశం బిడ్డని కార్లమధ్య వదిలేసింది. ఏమంటావు?"

మంచిమాటలు చాలా ఉన్నాయి. ప్రమాదం అనొచ్చు, చిన్నపిల్ల క్షమించండి అనొచ్చు. దారంతా అవే నెమరేసుకుంటూ వచ్చాడు.

"నా కూతురు తప్పు చేయలేదు" అన్నాడు. "గుమ్మం ముందు గడి ఖాళీగా ఉంది. ఆయిల్ కారిందని అబద్ధం చెప్పి ఆమెను తరిమింది నేను. అక్కడ కాపలావాణ్ణి నేనే. వేరేవాళ్ళకోసం ఆ చోటు ఆపి ఉంచాను. ఖాళీ లేదని మేనేజరుకీ అబద్ధం చెప్పాను."

అందరూ ఒక్కసారి లేచారు. "ఏం నాటకం ఇది? మా బిడ్డ కాలు విరగ్గొట్టి వకాల్తాకి వస్తావా?" అని ఒకడు కర్ర ఎత్తాడు. పెద్దాయన చెయ్యి ఎత్తి ఆపాడు.

"అయితే తప్పు భేలేలది" అన్నాడు. "కోడలిది కాదు. ఆమె ఇక్కడే ఉంటుంది. నువ్వు ఒక గొర్రెను తోలుకుని, నీవాళ్ళతో వచ్చి, ఆ పసివాడి ముందు క్షమాపణ అడగాలి."

"తెస్తాను."

"కోడలా, నీ పుట్టింటాయన వచ్చాడు. టీ పెట్టు" అన్నాడు పెద్దాయన. కోపమెంత ఉన్నా మర్యాద మర్యాదే.

లిండెల్వా ట్రేతో వచ్చింది. పద్ధతి ప్రకారం మోకాళ్ళమీద వంగి కప్పు అందించింది. ముఖంలో కోపం ఉంటే బాగుండునని బొనకెలే ఎదురుచూశాడు. లేదు.

"ఆ రోజు నేను నీకు థాంక్యూ చెప్పాను" అంది, అతనికి మాత్రమే వినపడేలా.

"చెప్పావు తల్లీ."

"ఆ రోజే నా వంశం పేరు అడిగుంటే కోన్ తీసేవాడివి కదా?"

"తీసేవాణ్ణి! ఒట్టు తల్లీ, వెంటనే తీసేవాణ్ణి!"

"అడగకుండానే తీయాలి బాబాయ్. అది పిల్లలున్నవాళ్ళ చోటు. భేలేల చోటు కాదు."

ఆమె లేచి వంటగదిలోకి వెళ్ళిపోయింది. కూతురిచ్చిన టీ వద్దనకూడదు కనుక, అయిదుగురు రదేబేలూ చూస్తుండగా బొనకెలే ఆ కప్పు ఆఖరిదాకా తాగాడు.